వానపాముల పేపరుకు వేసిన మార్కు

మార్చి 3
పర్యావరణం మీద వచ్చిన మెటా ఎనాలిసిస్‌లకు మార్కులు వేయడం మా పని. వందల పరిశోధనలు కలిపి ఒక్క లెక్క తేల్చేస్తారు కదా, వాటిని ఎక్కడ వెతికారో, ఏవి ఎందుకు వదిలేశారో రాశారా లేదా అని చూడాలి. నేనూ, ఎదురు టేబుల్ గడ్డం మనిషీ విడివిడిగా వేస్తాం. పోల్చేదాకా ఒకరివి ఒకరు చూడకూడదని మేడమ్ రూల్. వచ్చే పేపర్లో నా పేరు రెండోది. నా మొదటి పేపర్!

మార్చి 11
మొదటి విడత పోల్చారు. ఒక్క తేడా లేదు. మేడమ్ మురిసిపోయారు. నాకు ఒళ్లు మండింది. టీలో చక్కెర ఎంత వేయాలో నేనూ అక్కా ఇంతవరకు ఒక మాట మీదికి రాలేదు. రోజంతా గడ్డం దువ్వుకునే మనిషికి అన్నీ నాలాగే ఎలా కనిపిస్తాయి?

మార్చి 12
టీకి వెళ్లొచ్చేసరికి నా కుర్చీ జరిగి ఉంది. గడ్డం నా స్టేప్లర్ కోసం వచ్చాడట. నిజమే, స్టేప్లర్ అతని బల్ల మీదే ఉంది. అయినా నమ్మను.

అక్కకు చెబితే పచ్చకామెర్ల సామెత ఎత్తుకుంది. దానికి ఎవరిమీదా అనుమానం రాదు. అందుకే అది అరువిచ్చిన గొడుగుల్లో ఒక్కటీ మా ఇంటికి తిరిగి రాలేదు.

మార్చి 14
ఎర వేశాను. వానపాముల పేపర్. అచ్చుకాని పరిశోధనలు కూడా వెతికారా అన్నది ప్రశ్న. పేపర్లో ఆ ఊసే లేదు. కావాలనే "ఉంది" అని పెట్టాను. ఎలాగూ తప్పుడు మార్కే కదా అని పేపర్‌తో పాటు విడిగా ఇచ్చే అనుబంధం ఫైల్ తెరవనే లేదు. ఇక చూస్తా, ఎలా తప్పించుకుంటాడో.

మార్చి 19
దొరికాడు దొంగ! అతనూ "ఉంది" అనే పెట్టాడు. నేరుగా మేడమ్ గదికి వెళ్లి ఎర సంగతి మొత్తం చెప్పేశాను.

మార్చి 19, సాయంత్రం
మేడమ్ అతన్ని పిలిచి ఎక్కడ చూసి వేశావని అడిగారు. అనుబంధం ఫైల్ తెరిచి చివరి పేజీ చూపించాడు. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో రెండు లైన్లు.

తర్వాత మేడమ్ నావైపు తిరిగారు. ఇలా ఇంకెన్నిటికి వేశావమ్మా అన్నారు. ఇదొక్కటే మేడమ్ అన్నాను. ఎలా నమ్మమంటావన్నారు. నా మార్కులన్నీ తీసేస్తున్నారు. వేరే ఎవరో మొదటినుంచీ వేస్తారట. పేపర్లో నా పేరు ఉండదు.

గడ్డం స్టేప్లర్ తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 9
నా బదులు వచ్చిన కొత్తమ్మాయి మార్కులన్నీ గడ్డం మార్కులతో కలిశాయట. అంటే నావాటితోనూ కలిసినట్టే.
ఆమె స్క్రీన్ ఎటు తిరిగి ఉందో రేపు చూడాలి.