మొదటి నంబరు ఓబులమ్మ

12 మార్చి 2001
ఈ నెలా ఎవరూ కొనలేదు. రాయదుర్గంలో ఇన్ని జీన్స్ యూనిట్లు... టైలర్ల కూలీ లెక్క వేసే నా ప్రోగ్రాం కొన్నవి రెండే. ఇది నడవకపోతే కంప్యూటర్ షాపు మూసి, బెంగుళూరు పోయి ఎవరి కిందో చేరాలి.

17 మార్చి
ప్రింటరు రిబ్బను మార్చమంటే బళ్లారి రోడ్డు యూనిట్‌కు పోయాను. నేను అమ్మని చోటు. స్క్రీన్ మీద నా ప్రోగ్రామే! పైన పేరు, ఫోన్ నంబరు మాత్రం శీనువి. ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్కన కూర్చుని నేర్చుకున్న శీను.

నాదేనని ఎలా చెప్పాలా అనుకుంటూ కిందికి చూశాను. మొదటి వరుస — 1, ఓబులమ్మ, కూలీ సున్నా.

మా అమ్మ.

పేర్ల ఫైలు ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ఆగిపోయేది. అందుకే మొదటి పేరుగా అమ్మను పెట్టి, ఎవరూ తీసేయకుండా తాళం వేశాను. జేబులు కుట్టీ కుట్టీ పోయిన మనిషి.

యూనిట్ ఓనరు చెప్తున్నాడు: "ఆ యమ్మ ఒక్క దినమూ పనికి రాదప్పా. పేరు మాత్రం వారం వారం వస్తాది. యాడ తీయాలో తెలీదు."

రిబ్బను మార్చి వచ్చేశాను.

18 మార్చి
ఇంకొన్ని యూనిట్లు తిరిగాను. అన్నింటా శీను పేరు కింద అమ్మ ఉంది. సున్నాతో.

20 మార్చి
వకీలును అడిగితే నవ్వాడు. ఫ్లాపీ కోసం కోర్టుకెక్కినవాణ్ణి ఈ ఊళ్లో చూడలేదట.

శీనును నిలదీశాను. "నువ్వే కదన్నా ఇచ్చినావు, చూడమని." చూడమనే ఇచ్చాను. అమ్ముకోమని కాదు. సిగ్గులేనివాడు.

23 మార్చి
శీను ఫోన్. ఇంత మర్యాద ఎప్పుడూ లేదు.

"అన్నా, ఆ ఓబులమ్మ ఎవరని అందరూ అడుగుతాండారు. నాకు తీసేది రాలేదు. ఆ పేరొక్కటి తీసియ్యి. ఎన్ని దుడ్లయినా ఇస్తా."

నా క్యారియర్‌లోంచి అమ్మ చేసిన ఉగ్గాని ఎన్నిసార్లు తిన్నాడో. ఆమె పేరు ఏనాడూ అడగలేదు.

ప్రోగ్రాం కాజేసినప్పుడు పైసా ఇవ్వాలనిపించలేదు వాడికి. అమ్మను తీసేస్తే మాత్రం ఇస్తాడట.

24 మార్చి
శనివారం. కూలీలిచ్చే రోజు. యూనిట్లన్నింటిలో ప్రింటర్లు మొదలై ఉంటాయి, మొదటి వరుసలో అమ్మతో.

షాపు అద్దె కోసం పొద్దున వచ్చినాయన ఇంకా గడపలోనే కూర్చున్నాడు. ఫోన్ మోగుతోంది — శీనే అయ్యుంటాడు. "ఎత్తప్పా," అంటున్నాడు ఆయన...