వారానికో నంబరు

సెప్టెంబరు

సైన్యంలో చేరి బూట్లకి మెరుగు పెట్టుకుంటున్న మా అక్క మారిట్‌కి,

శిక్షణ అయ్యేదాకా నీ ఫోను లాక్కున్నారట కదా, పీడా పోయింది! ఇన్నాళ్ళకి నువ్వు మధ్యలో అడ్డు తగలకుండా నా మాట మొత్తం వినక తప్పదు. అక్కా, నాకిక్కడ ఊపిరాడ్డం లేదు. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే పారిపోవాలనిపిస్తుంది. "మా రోరీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరి ఆట నడిపించేది వాడే" అని అమ్మ అందరికీ చెప్పుకుంటోంది కదూ, నేనిక్కడ చేసే పనేమిటో తెలుసా? వేషాలు! శనివారం ఎవరితో ఆడాలో, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ నంబరున్న చొక్కా సోమవారానికల్లా నా లాకర్‌లో వేలాడుతుంది. వారమంతా నేను వాడిలా నడవాలి, వాడిలా అరవాలి, వాడిలా బంతి విసరాలి. అవతలి జట్టుని అడ్డుకునే మా డిఫెన్స్ వాళ్ళు నామీద సాధన చేస్తారు. పోయిన వారం ఎడమచేతివాటం వాడొకడు తగిలాడు. విసిరి విసిరి రాత్రి ఫోర్కు పట్టుకోలేకపోయాను. తీరా శనివారం వచ్చేసరికి నా సొంత పద్దెనిమిదో నంబరు వేసుకుని, మైదానం గీతకి బయట నిలబడి చప్పట్లు కొడతాను. ఇది రెండో ఏడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా నన్ను మైదానంలోకి దించలేదు.

ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టకూడదని నియమం ఉంది. అది శనివారం ఆడే మా అసలువాడికి, నాకు కాదు. మా డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్ డిషాన్ నిన్న నన్ను ఎత్తి కుదేశాడు. "ఏమనుకోకురా, నువ్వు మరీ అచ్చం వాడిలాగే ఉన్నావు, ఒళ్ళు మండింది" అన్నాడు. అది పొగడ్తో తిట్టో తెలీలేదు. సౌత్ డకోటాలో ఒక చిన్న కాలేజీవాళ్ళు నేనొస్తే ఆడిస్తామంటున్నారు. పోదామనుంది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ తమ్ముడు, ఈ వారానికి ఏడో నంబరు,
రోరీ

అక్టోబరు

జాలీ దయా లేని అక్కకి,

"ట్రంపెట్ వదిలేశావు, కుస్తీ వదిలేశావు, బంగారం లాంటి ఆ బ్రిటాని పిల్లని వదిలేశావు, ఇప్పుడిదా?" అని రాస్తావా? తమ్ముడు ఏడుస్తున్నాడే అన్న ధ్యాసే లేదు నీకు. సరే, నీ నోటికి జడిసి ఉండిపోతాను. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా సొంత నంబరుతో నన్ను దింపాలి. అది జరిగితే మళ్ళీ నోరెత్తను, ఒట్టు.

రోరీ

నవంబరు, థాంక్స్‌గివింగ్ పండగ అయిన ఆదివారం

అక్కా,

నిన్న చివరి ఆట గెలిచాం, అదీ మా పాత శత్రువుల మీద. వారమంతా నేను వాళ్ళ పన్నెండో నంబరుని. వీడియోలు చూసి చూసి, దూరం విసిరేముందు వాడి ఎడమ భుజం కాస్త దిగుతుందని కనిపెట్టాను. వేషమంటే వేషమే కదా, ప్రాక్టీసులో నేనూ అలాగే దించాను. నిన్న ఆట మూడో క్వార్టర్‌లో వాడి భుజం దిగిందో లేదో, డిషాన్ వెనక్కి పరుగెత్తి గాల్లోనే బంతి లాగేసుకున్నాడు. స్టేడియం దద్దరిల్లిపోయింది! వాడు తిన్నగా నా దగ్గరికొచ్చి, "ఇది నీదిరా! ఆ భుజం నాకు కలలో కూడా కనపడుతోంది" అని నన్ను కావలించుకున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఎక్కడికీ వెళ్ళకూడదనే అనుకున్నాను.

చివరి నిమిషం. మేం ఇరవై పాయింట్లు ముందున్నాం. మా కోచ్ బ్రాకెట్ వెనక్కి తిరిగి, "లిండ్‌గ్రెన్! హెల్మెట్ పెట్టు, దిగు!" అన్నాడు. నన్నే, ఇంటిపేరుతో!

"ఏం ఆడాలి, కోచ్?"

"ఆడేదేముంది? బంతి అందుకుని మోకాలు నేలకి ఆనించు, టైము దానంతటదే అయిపోతుంది. పిచ్చి వేషాలెయ్యకు."

గెలిచేవాడు చివర్లో అలా చెయ్యడం మర్యాద, నీకూ తెలుసు. అవతలివాళ్ళు అలిసిపోయి ఊరికే నిలబడ్డారు. ఎదురుగా ఉన్నవాడు "నువ్వెవడివి బాబూ?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలీక. బంతి చేతిలోకొచ్చింది. వాళ్ళ వెనక మైదానమంతా ఖాళీ అక్కా! విసరమని చెయ్యి ఎంత లాగిందో చెప్పలేను. అయినా మోకాలు ఆనించాను. అంతే, ఆట అయిపోయింది.

తర్వాత లాకర్ గదిలో కోచ్ నన్ను బెంచీ ఎక్కించాడు. "వీడిలా ఇంకొకళ్ళలా ఆడేవాణ్ణి నా జన్మలో చూడలేదు! ఇంకా రెండేళ్ళు వీణ్ణి ఇదే పనిలో ఉంచుతాను" అన్నాడు. అందరూ లాకర్లు దబదబా బాదారు. నేనూ నవ్వాను. ఇంకా రెండేళ్ళు ఇంకొకళ్ళ నంబర్లేనా అనుకుంటూ బెంచీ దిగాను. అందరూ వెళ్ళాక ఆయన గదిలోకెళ్ళి, వేరే కాలేజీకి పోతున్నానని చెప్పేశాను.

ఆయన తెల్లబోయాడు. "ఇదేంట్రా? ఇవాళ నిన్ను ఆడించాను కదా!"

"అందుకే, కోచ్" అన్నాను.

నీ తమ్ముడు
రోరీ