గింజ కూడా ఇవ్వనన్నాను

నాన్నా,

రేవు సమ్మెలో తోటివాళ్లంతా పనిలోకి వెళ్లిపోయాక కూడా నువ్వొక్కడివే గేటు బయట ఎందుకు నిలబడ్డావు? నువ్వుండగా అడగలేకపోయాను.

కాలేజీలో పాఠాలు చెప్పే నీ కూతురికి ఇప్పుడొక సైన్యం ఉంది. ఇంటర్నెట్‌లో ఆడే యుద్ధాల ఆట అది. కోట కట్టుకుని, పొలాల్లో పండిన గోధుమలతో సైనికులను పోషించాలి. మొన్న పెద్ద కూటమి నాయకుడొకడు పంటలో సగం కప్పం కట్టమనీ, లేదంటే కోట ఉండదనీ కబురు పెట్టాడు. మన ఊళ్లోనే సాల్ట్ లేక్ పేటలో ఆఫీసులో కూర్చుని ఆడే నా జట్టువాడు, "ఒప్పేసుకోండి దీదీ, ఆటే కదా!" అన్నాడు. గింజ కూడా ఇవ్వనని రాశాను.

ఈరోజు వాళ్లొచ్చి పడ్డారు. గోడ కూలింది, సైన్యమంతా పోయింది. మిగిలిన గోధుమలతో వెంటనే కొత్తవాళ్లను చేర్చుకోవడం మొదలుపెట్టాను. వెనక నిలబడి చూస్తున్న అమ్మ నవ్వింది.

"అచ్చం మీ నాన్నే! కూసింత ఒంగితే నడుం ఇరిగిపోద్దేటే?"

"ఇరిగిపోద్దే అమ్మా!" అన్నాను.

రేపు మళ్లీ కబురొచ్చినా నా జవాబు అదే. కానీ నాన్నా, నా సైనికులకు ఇంటి దగ్గర పిల్లల్లేరు. నీకు మేమున్నాం. నువ్వు గేటు బయట నిలబడ్డ ఆ నెలలన్నీ రేవు పక్క వాట్‌గంజ్ గదిలో గంజి తాగి పడుకున్నాం. మా ఆకలిని కూడా పందెం కాసే హక్కు నీకుందో లేదో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.