వియ్యపురాలిగారి రబ్బరు సూటు

అన్నయ్యగారికి, వదినగారికి నమస్కారాలు.

మేము క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే మీ పంచర్ షాపులో కంప్రెసర్ మోతకి నా మాట సగం వినబడదు. వినబడిన సగానికి మీరు మర్యాదకి సరేనంటారు. అందుకే ఉత్తరం.

బస్సులో ఒక పార్సిల్ పంపుతున్నాను. విప్పగానే భయపడకండి. అది నేను సముద్రంలో ఈదేటప్పుడు వేసుకునే వెట్‌సూట్. మెడ నుంచి చీలమండల దాకా దళసరి రబ్బరు, చలినీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. హార్బరులో పడవల అడుగున పాచి గీకే పనిలో ఉన్నప్పుడు కొన్నది. పని మానేశాను గానీ ఈత మానలేదు. మోకాళ్లు మాత్రం దానికీ నాకూ ఒకేసారి పోయాయి.

మీ కోడలి సంగతి మీకు తెలియనిది కాదు. "ఈ వయసులో సముద్రమేంటమ్మా" అని పోరి పోరి నా చేత మాట తీసుకుంది. ఈ సూటు ఉన్నంతకాలమే ఈత, ఇది పోతే ఇంకోటి కొనకూడదు. కిందటివారం సూటు మోకాలి దగ్గరా, చంకలోనూ చిరిగింది. "అయిపోయిందిగా అమ్మా" అంది కన్నకూతురు, ఎంత సంతోషంగానో.

వచ్చే నెల మొదటి ఆదివారం మా ఈతగాళ్లందరం ఒడ్డు నుంచి లైట్‌హౌస్ దాకా ఈదుతాం. మీరు ప్యాచ్ వేసిన ట్యూబు మళ్లీ మీ షాపు మొహం చూడదంటారు. నా ఈత మీ చేతిలో పెడుతున్నాను.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. ఇస్త్రీ మాత్రం చేయకండి. ఎడమ తొడ మీద ఇస్త్రీపెట్టె ఆకారం కనిపిస్తుంది. అది మీ బావగారి ప్రేమ.

* * *

చెల్లెమ్మగారికి, బావగారికి నమస్కరించి రాస్తున్నది.

పార్సిల్ అందింది. చూడగానే దండం పెట్టాలనిపించింది. బతుకంతా రబ్బరుతోనే గడిపాను గానీ, ఇంత చాకిరీ చేసిన రబ్బరును చూడలేదు. మీరు వేసుకున్న పాత అతుకులన్నీ చూశాను. అన్నిటికీ అంచులు గుండ్రంగా కత్తిరించారు. మూలలుంటే ముందు అక్కడే లేస్తుంది. ఎవరూ చెప్పకుండా మీకెలా తెలిసిందో.

చిరుగుల్ని కడిగి ఆరబెట్టి, సొల్యూషన్ పలచగా రెండుసార్లు రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక ప్యాచ్ నొక్కి పెట్టాను. ఎంత లాగినా రాలేదు. అయితే పరీక్ష చేయకుండా ఏ ట్యూబూ మా షాపు గడప దాటదు. చేతులూ కాళ్లూ మెడా తాళ్లతో బిగించి, గాలి కొట్టి, తొట్టిలో ముంచాను. ఏం చెప్పను చెల్లెమ్మగారూ, జిప్పు పొడుగునా బుడగలే. ఇన్నాళ్లూ దీనితో సముద్రంలో ఎలా నెట్టుకొచ్చారో తలచుకుంటే మీమీద గౌరవం రెట్టింపయింది. ఒక్క బుడగ వచ్చినా పంపను. మా షాపు బోర్డు మీద ఒట్టు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. గాలి కొట్టిన సూటును స్టూలు మీద కూర్చోబెట్టిన సమయానికి మీ వదిన క్యారేజీ పట్టుకొచ్చింది. మీరే అనుకుని, "ఎప్పుడు వచ్చారు, కాస్త ఒళ్లు చేశారు" అని పలకరించింది. సూటులోంచి గాలి పోతున్న చప్పుడు విని, మీకు కోపం వచ్చిందనుకుంది.

* * *

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మీ బావగారు నవ్వీ నవ్వీ మంచం దిగలేదు. వదినగారితో నాకేమీ కోపం లేదని చెప్పండి.

చిన్న మాట. ఇది ట్యూబు కాదు, గాలి నిలవక్కర్లేదు. నీళ్లు కూడా కొంచెం లోపలికి రావాలి. వచ్చిన నీళ్లు పలచగా ఒంటిని పట్టుకుని ఒంటి వేడికే వెచ్చబడతాయి. చలి ఆగేది వాటివల్లా, రబ్బరువల్లా కూడా. మీరు చేసిన పని చాలు. మంచినీళ్లతో ఒకసారి జాడించి, తిరగేసి నీడన ఆరేసి పంపేయండి. సన్న హ్యాంగరుకి తగిలిస్తే భుజాలు సాగిపోతాయి, దండెం మీద నడుము దగ్గర మడిచి వేయండి.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. నీళ్లు రావాలి అన్నది నిజమే, సరదాకి కాదు.

* * *

చెల్లెమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సిగ్గుతో తల దించుకున్నాను. నీళ్లు కారుతున్న సరుకు చూసి "నీళ్లు రావాలి" అనే పెద్ద మనసు ఎవరికుంటుంది? సంబంధం మాట్లాడ్డానికి మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇంతే. మీ వదిన కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే, "ఉప్పు కాస్త ముందుంటేనే నాకిష్టం" అని మళ్లీ వడ్డించుకుని తిన్నారు. మీ మర్యాద నాకు తెలియదా.

మీరు ఊరుకున్నా నేను ఊరుకోలేదు. లారీ ట్యూబు ముక్క కోసి జిప్పు మీద పైనుంచి కిందదాకా అతికించేశాను. మళ్లీ ముంచాను. ఒక్క బుడగ లేదు. పక్క షాపు మెకానిక్ వచ్చి చేయి కలిపాడు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. మీ వదిన ఒక ప్రశ్న అడిగింది. జిప్పు మూసేస్తే మీరు లోపలికి ఎలా వెళ్తారని. దాని గురించి ఆలోచిస్తున్నాను.

* * *

అన్నయ్యగారూ,

ఇది వియ్యపురాలిగా రాస్తున్న ఉత్తరం కాదు, ఈతగత్తెగా రాస్తున్నాను. ఆ కూర ఉప్పు కషాయం. ఇంటికెళ్లాక చెంబుడు నీళ్లు తాగాను. ఇది నిజం. ఈ నిజం నమ్మితే రెండోది కూడా నమ్మండి. సూటులోకి నీళ్లు రావాలి.

జిప్పు సంగతి మీ కోడలికి ఎలాగో తెలిసింది. "పోనీలే అమ్మా, మామయ్య చేతిలోనే పోయింది" అని నన్ను ఓదార్చింది కూడా. వచ్చే ఆదివారమే ఈత. ఈలోగా సూటు రాకపోతే నేను మాట మీద నిలబడాలి.

ఒడ్డు మీద నేను కుంటుతాను. కూర్చుంటే లేవలేను. నీళ్లలో దిగితే మోకాళ్లున్నాయన్న సంగతే గుర్తుండదు. సూటు పోతే ఇక నాకు మిగిలేది ఆ మోకాళ్లే. నాకు ఏడుపొస్తోంది అన్నయ్యగారూ, ఇది కూడా మర్యాద అనుకోకండి.

మీ చెల్లెలు

తా.క. ఉప్పు సంగతి వదినగారికి తెలియనివ్వకండి.

* * *

చెల్లెమ్మకు,

'గారు' ఈసారికి తీసేశాను. ఏడిపించినవాడికి అంత మర్యాద తగదు.

లారీ ట్యూబు ముక్కను వేళ్లతో కొద్దికొద్దిగా ఊడదీశాను. జిప్పుకి మైనం రాశాను, వెన్నలా నడుస్తోంది. అయినా మనసు ఒప్పుకోలేదు. నీళ్లు లోపలికి వచ్చే సరుకు నేనెప్పుడూ పంపలేదు. అందుకని నేనే తొడుక్కున్నాను. షర్టు అలవాటు కొద్దీ జిప్పు ముందుకు పెట్టి ఒకసారి, మెకానిక్ నవ్వాక వెనక్కి తిప్పి ఇంకోసారి. మీరు పొడగరి కాబట్టి ఎక్కింది. పొట్ట ఒక్కటే అడ్డం. పక్క వీధి ఈతకొలనుకి వెళ్లి, నడుములోతు చోట కడ్డీ పట్టుకుని దిగి, మెడదాకా మునిగాను. పంచరు తొట్టి తప్ప వేరే నీళ్లు ఎరగని మనిషిని.

మెడలోంచి చల్లటి నీళ్లు వీపు మీదికి జారాయి. అయిపోయాననుకున్నాను. కాసేపటికి అవే నీళ్లు వెచ్చబడ్డాయి. ఎవరో దుప్పటి కప్పినట్టుంది. కడ్డీ వదిలేశాను. సూటు నన్ను తేల్చింది. నా మోకాళ్లు కూడా అరిగినవేనని మీకెప్పుడూ చెప్పలేదు కదా. అవి ఎక్కడున్నాయో తెలియలేదు. కొలను మూసే వేళకి నన్ను బయటికి లాగాల్సొచ్చింది.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన కోడలు గట్టు మీద నిలబడి, "మామయ్యా, మీరూనా" అంది. "మీ అమ్మ ఇచ్చిన మాట సూటు ఉన్నంతకాలం అని కదమ్మా. అది ఉందో పోయిందో చెప్పాల్సింది ప్యాచ్ వేసేవాడు. నేనున్నంతకాలం అది ఉంటుంది" అన్నాను. కోడలు వెళ్లి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఆదివారం మీకోసం కూడా ఒకటి పట్టుకుని ఒడ్డుకి వస్తుందట.

జాడించి, తిరగేసి, నీడన ఆరేసి, ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నిర్భయంగా ఈదండి.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. సూటు వెనకభాగంలో కొత్త ప్యాచ్ కనిపిస్తుంది. ఆ చిరుగు మీది కాదు. నేను కూర్చున్నాను.

ఇంకో తా.క. మీ ఉత్తరం నాకంటే ముందు మీ వదినే చదివింది. ఈసారి మీరొస్తే కూర ఉప్పు లేకుండా వండుతుందట.

ఆఖరి తా.క. మీ ఈతగాళ్లలో ఎవరి దగ్గరైనా నా పొట్టకి సరిపడే సూటు ఉంటే చూడండి. కొత్తది వద్దు. కోడలు నాకూ అదే షరతు పెట్టింది, సూటు ఉన్నంతకాలమేనని. కాస్త చిరిగిందే చూడండి, ఇప్పట్నుంచే ప్యాచ్‌లు మొదలుపెడతాను.