నడవకముందే సాక్ష్యం

ఆదివారం. మనసు ఎటూ తేలక రాస్తున్నాను.

మందిరంలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, కోడలు లేచి, "నా భర్తను నడిపించిన దేవునికి స్తోత్రం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. క్వారీలో పడినప్పటి నుంచి నా కొడుకు మంచం దిగనేలేదు!

ఇంటికి రాగానే నిలదీశాను. "ఏందే, దేవుడి ముందు అబద్ధమా?"

"అబద్ధం కాదత్తయ్యా. నడిచాక ఎవరైనా చెప్తారు. నేను ముందే చెప్పాను."

లోపలి నుంచి వాడు నవ్వాడు. "ఇరికించావు గదే! ఇంక నడవక తప్పదు." వాడి నవ్వు విని చానా కాలమైంది.

ప్రార్థనకు మోకరించాను. ఆమెను క్షమించమని అడగాలో, ఆమె మాట నిలబెట్టమని అడగాలో తెలియలేదు. వాడు నడవకపోతే ఆ పిల్ల సంఘానికి ముఖం ఎలా చూపిస్తుంది?

1. పాస్టరు గారికి నిజం చెప్పాలి.
2. అంతకంటే ముందు, వాడు పట్టుకుని లేవడానికి మంచం పక్క గోడకు పైపు బిగించాలి.