అమ్మకు తోడుగా పస్తున్న కొండ

అన్నయ్యా, నీకు అందదని తెలిసినా రాస్తున్నాను. ఉపదేశిగా కొండ మీద ఎందరికో ప్రార్థనలు నేర్పావు గానీ, మన ఇంట్లో అమ్మ ఒక్కతే క్రైస్తవంలో చేర్చే జ్ఞానస్నానం వద్దనేది. నువ్వు పోయాక మన చర్చి గుడిలో పూజ లాటిన్ నుంచి తెలుగులోకి మారింది. అది విని, అర్థం చేసుకుని, అమ్మ ఈ ఈస్టరుకు జ్ఞానస్నానం తీసుకుంటానంది.

ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని ఫాదర్‌ని అడిగింది: "ఈ ఉపాసాలు ముందు ఎవులు మొదలెట్టినారు బాబూ?"

ప్రభువు ఎడారిలో నలభై రోజులు పస్తున్నాడని ఆయన చెప్పారు. తొలి శతాబ్దాల్లో జ్ఞానస్నానం తీసుకోబోయేవాళ్ళు ఈస్టరుకు ముందు ఉపవాసం ఉంటే, వాళ్ళకు తోడుగా సంఘమంతా ఉండేదట. అదే రానురాను తపస్సు కాలమైందట.

"మరి నాకు తోడెవులు?" అని నవ్వింది అమ్మ.

ఆ మాట కొండంతా పాకింది. అమ్మ పస్తున్న ఆ శుక్రవారం మధ్యాహ్నం మన కొండ మీద ఒక్క పొయ్యీ వెలగలేదు. గుడి గడప తొక్కనివాళ్ళు కూడా అంబలి ముట్టలేదు. కొట్టు సావుకారుకి అన్నం క్యారియరు వస్తే, "ముసలమ్మ తినకుండా నాకు ముద్ద ఎలా దిగుద్ది?" అని మూత పెట్టేశాడు.

అమ్మ అరుగు మీద కూర్చుని, పొగ లేవని ఇళ్ళన్నీ చాలాసేపు చూసింది. అప్పుడు ఈ కూతురితో అన్న మాట నువ్వు వినాలి అన్నయ్యా:

"ఎక్కడో, ఎప్పుడో మొదలెట్టినోల్లు నా గుమ్మం కాడికొచ్చీసినారే, గుంటా!"