మల్లేశం కాక చేసిన ములికి

బాపూ,

నువ్వు పోయినంక ఇది మొదటి దసరా. అడివిపందుల వేట ఎన్నడో ఇడిసిపెట్టినా, ఆయుధపూజ అయినంక గడ్డిమోపుకు బాణం కొట్టుడు మాత్రం నువ్వు ఇడువలే. ఈసారి ఊరోళ్లు నన్ను కొట్టుమన్నరు. నీ దోస్తు, కమ్మరి మల్లేశం కాక, నీ యాదిల బాణానికి కొత్త ఇనుప ములికి చేసి తెచ్చిండు.

ఎంత గురిపెట్టి కొట్టినా బాణం ఎడమకే పోయింది. నువ్వు నేర్పినట్టే మొనను గోటి మీద నిలబెట్టి తిప్పిన. వణికింది. అందరి ముందటనే, "ములికి వంకరున్నది కాకా, చేతులు ఆగుతలేవా నీకు?" అన్న. ఆయన తల దించుకుని పోయిండు.

ఇంటికొచ్చి చూస్తే, పూజల నేను పూసిన పసుపు ములికి ఒక రెక్కకు మందంగ ఎండిపోయి ఉన్నది. దేవునికి పెట్టినది తుడువొద్దని అట్లనే కొట్టిన. నువ్వైతే అమ్మ తిట్టినా ఇనకుండ తువ్వాలతోని తుడిచి కొట్టేటోనివి. ఎందుకని నేను ఎన్నడూ అడగలే. తడిబట్టతోని తుడిచి మళ్ల తిప్పిన. జర గూడ వణకలే.

పొద్దున్నే పోయి కాకకు చెప్దామనుకున్న. చెప్పులేసుకునేలోపే ఆయనే వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయ్. నిద్రపోకుండ ఇంకో ములికి చేసి బాణానికి తొడిగిండట.

"తప్పయింది బిడ్డా, మీ బాపు ముందట పరువు పోయింది నాది," అని చేతిల పెట్టిండు.

నేను దాన్ని తీసుకుని, గోటి మీద తిప్పి చూసి, "ఇది మంచిగున్నది కాకా" అన్న.